గుడ్డ కప్పిన తొట్టి

“అల్లుడుగారేరీ?” అంది వదిన.

ఆమె చంకలో ఎండు బాదం ఆకుల మూట అలాగే ఉంది. కాళ్ళకి చెప్పులు కూడా విప్పలేదు. మేడ మీద చేపల గదిలో, కిటికీకి దూరంగా ఉన్న మూలలో, రెండు వారాలకి పైగా నల్లదుప్పటి కప్పి ఉంచిన తొట్టి ఇప్పుడు బోసిగా కనబడుతోంది. నీళ్ళున్నాయి, ఆకులున్నాయి, పైన మూత ఉంది. లోపల మాత్రం ఎవరూ లేరు. దుప్పటిని ఎవరో నాలుగు మడతలు పెట్టి మూత మీద ఉంచారు.

అల్లుడుగారంటే ఆ ఇంటి అల్లుడేమీ కాదు. ఆ ఇంట్లో ఇద్దరూ కొడుకులే. అరచెయ్యంత పొడవున్న మగచేపకి అత్తగారు పెట్టిన పేరది. ఇటుకరంగు ఒళ్ళు, వీపురెక్క మీద నెమలికన్ను లాంటి మచ్చ. ఎక్కడో దూరపు అడవుల్లో, ఎండ పడని వాగుల్లో పుట్టే జాతి. నీళ్ళు కాస్త తేడా వస్తే పడవు, వెలుతురు పడదు, పెట్టింది పెట్టినట్టు తినడు, చీటికీమాటికీ అలుగుతాడు, ఇంటిల్లిపాదీ చుట్టూ తిరిగి మర్యాదలు చెయ్యాలి. ఇన్ని లక్షణాలున్నవాణ్ణి ఇంకేమని పిలవాలని అత్తగారి ప్రశ్న.

ఇప్పుడు ఆ అల్లుడుగారి నోటినిండా పిల్లలున్నారు.

ఆ జాతిలో ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగవాడు వాటన్నిటినీ నోట్లోకి తీసుకుని, పిల్లలై ఈదుకుంటూ బయటికొచ్చేదాకా పస్తుంటాడు. ఆ రోజుల్లో బెదిరితే మాత్రం అన్నిటినీ మింగేస్తాడు. అల్లుడుగారు ఇప్పటికి రెండుసార్లు మింగారు. ఒకసారి తలుపు గాలికి కొట్టుకున్నందుకు, ఇంకోసారి ఆయనకే తెలియాలి ఎందుకో. ఈ మూడోసారి ఎన్నడూ లేనంతగా నిలబెట్టుకొచ్చాడు. నాలుగైదు రోజులు గడిస్తే గట్టెక్కినట్టే. ఆడచేప గుడ్లు పెట్టిన వారానికే చచ్చిపోయింది కాబట్టి, ఆ నోట్లో ఉన్నవే ఆ జంటకి ఆఖరి సంతానం. అవి పోతే ఏళ్ళ తరబడి వదిన పడిన పాటు అంతటితో సరి.

“అత్తయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను.”

అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని ఉప్పునీళ్ళ సీసాలోంచి కంటికి ఆనీ ఆనని రొయ్యపిల్లల్ని గుడ్డలోకి వడకడుతోంది. చేపపిల్లలకి పెట్టే మొదటి తిండి అదే. తల ఎత్తలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో ఫోను. వాళ్ళ పెంపుడుచేపల కొట్టుకి ప్రచారం తన బాధ్యత అని తనే నియమించుకున్న మనిషి. ఆమెను మొదట వదిన అని పిలిచింది అతనే. అది విని కొట్టుకొచ్చేవాళ్ళు, పాలవాడు, పక్కింటి తాతగారు, అందరూ అదే పిలుపు పట్టుకున్నారు.

“వచ్చేశావా వదినా. నేనే చెబుదామనుకుంటున్నా. ముందు కూర్చో.”

“నిలబడే వింటాను. చెప్పు.”

“కొత్త హోటల్ లేదూ, ఇవాళ సాయంత్రమే ప్రారంభం. వాళ్ళ హాల్లో పెట్టడానికి ఓ పెద్ద చేప తెప్పిస్తానని మాటిచ్చా. నిన్న వచ్చిన పార్సిల్లో అది చచ్చిపోయి ఉంది. ఇంక చూసుకో నా పరిస్థితి. ఆ హోటలాయనేమో ఎవరి దగ్గరా లేని చేప కావాలంటాడు. ఎవరి దగ్గరా లేనిది మన దగ్గర కాక ఇంకెక్కడుంటుంది?”

“మన దగ్గర కాదు. నా దగ్గర.”

“సరే, నీ దగ్గరే. ఒక్క సాయంత్రం వదినా. రేపు పొద్దున్నే తెచ్చేస్తా. ఇది కుదిరిందంటే వాళ్ళ తోటలో కొలను, మేడ మీద తొట్లు, అన్నీ మనకే అప్పజెబుతాడు.”

“పిల్లల్ని మోస్తున్న చేపని తీసుకెళ్ళావు.”

“నోట్లోనే కదా పెట్టుకుంది. చేతిలో అయితే జారిపోతాయని భయపడాలి గానీ.”

ఈ మాటకి అతను నవ్వాడు కూడా. అన్నం తినే మనిషికి ఆ సమయంలో నవ్వెలా వచ్చిందో చెప్పడం కష్టం. వదిన ఆకుల మూటని కింద పెట్టింది. విసిరేస్తే చప్పుడవుతుందని, మిగతా తొట్లలో చేపలు బెదురుతాయని, అంత కోపంలోనూ మెల్లగానే పెట్టింది.

“ఎవరు తీశారు వాణ్ణి?”

“నేనే.”

“నువ్వు కాదు.”

“నేనే అంటుంటే.”

“ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలు కూడా దండెం మీద వెయ్యవు. ఈ మడత నీది కాదు.”

దుప్పటి అంచుకి అంచు కలిపి, మూలకి మూల కలిపి ఉంది. ఆ ఇంట్లో అలా మడత పెట్టే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు గది చివర కుళాయి దగ్గర, గొట్టాలకి పట్టిన పాచిని బ్రష్షుతో తోముతోంది. ఇంతసేపూ అటువైపు నుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

“మీరేనా?” అంది వదిన.

భర్త కుళాయి కట్టేశాడు. తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

“వల వెయ్యలేదు,” అన్నాడు. “చెంబు నీళ్ళలో ముంచి ఉంచా. వాడంతట వాడు అందులోకొచ్చేదాకా కూర్చున్నా. నీళ్ళతో సహా డబ్బాలోకి దించా. దారంతా డబ్బాకి గుడ్డ చుట్టే ఉంచా. వీడైతే వలేసి లాగేసేవాడు. అందుకని...”

“అందుకని మీరు చేశారు.”

“జాగ్రత్తగా చేశా.”

“పక్కింటి బీరువా దోచుకుని, తాళం మాత్రం విరగ్గొట్టలేదని చెప్పినట్టుంది.”

“దోచుకోవడమేంటి వదినా, ఇంట్లో చేపని ఇంట్లోవాళ్ళు...” అని మరిది మొదలుపెట్టాడు.

“నువ్వాగు. నీతో నా మాట అయిపోయింది.” ఆమె చూపు భర్త మీంచి కదల్లేదు. “నన్నొక్క మాట అడగొచ్చు కదండీ.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకునేదాన్ని కాదు.”

“అందుకే అడగలేదు.”

ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు. అంతా సక్రమంగానే జరిగిందన్న నిమ్మళం ఉంది. వదినకి అసలు ఒళ్ళు మండింది అక్కడే. కాదంటుందని తెలుసు కాబట్టి అడగలేదట. అంటే ఆమె మాటకి విలువ ఉందని తెలిసే, ఆ మాట బయటికి రాకుండా చూసుకున్నాడు. ఆకులు కొనుక్కురమ్మని పొద్దున ఆమెను బజారుకి పంపించింది కూడా ఆయనే. బస్తా ఖాళీ అయింది, నువ్వెళితే మంచి ఆకు ఏరుకొస్తావు అన్నాడు. ఆ మెచ్చుకోలుకి మురిసిపోయి ఎండలో పడి వెళ్ళింది.

“గొంతు తగ్గించి మాట్లాడండి ఇద్దరూ,” అంది అత్తగారు.

“నేను గొంతు పెంచలేదత్తయ్యా.”

“నువ్వు కాదమ్మాయ్, వాళ్ళు.” అత్తగారు రొయ్యపిల్లల గుడ్డని పక్కన పెట్టి, మొదటిసారిగా తలెత్తి పెద్దకొడుకుని చూసింది. “నన్ను కూడా అడగలేదు వీళ్ళు. పొద్దున నేను పూజలో కూర్చున్న వేళ చూసి కానిచ్చారు. ఒరే, ఈ గదిలో దుప్పటి కప్పడం మొదలుపెట్టింది ఎవర్రా? నేను. కప్పినవాళ్ళే తియ్యాలని చెప్పింది ఎవరు? మీ నాన్న. దగ్గొస్తే ఆ మనిషి మేడ దిగి వీధిలోకెళ్ళి దగ్గొచ్చేవాడు. మీరేమో కోడలు అటు వీధి దాటగానే ఇటు దుప్పటి ఎత్తారు.”

“అమ్మా, నువ్వు కూడా ఆవిడ వైపేనా?” అన్నాడు మరిది.

“కూడా ఏంట్రా. ఆవిడకంటే ముందునుంచీ ఆ వైపే ఉన్నా.”

వదిన ముందుకొచ్చి తొట్టి మూత మీంచి దుప్పటి తీసుకుంది. మడత విప్పకుండా భుజాన వేసుకుని మెట్లు దిగింది.

*

వీధిలో నాలుగడుగులు వేసేసరికి వెనక స్కూటరు చప్పుడు. భర్త వచ్చి ఆమె పక్కనే, ఆమె నడకకి సరిపడేంత నెమ్మదిగా నడుపుతున్నాడు. బండి ఆగిపోబోయినప్పుడల్లా కాళ్ళు నేలకి తన్నుకుంటున్నాడు.

“ఎక్కు.”

ఆమె నడుస్తూనే ఉంది.

“చాలా దూరం. ఎక్కు, నేనే దింపుతా.”

“పొద్దున వాణ్ణి దింపారుగా. చాలు.”

వెనకొచ్చే బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆయన అందరికీ చెయ్యెత్తి క్షమించమన్నట్టు సైగ చేస్తున్నాడు. ఆయన తీరే అంత. ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చేతులు జోడించగలడు.

“వాడు పసివాడేం కాదు, నాకు తెలుసు. కానీ వాడడిగితే నేను కాదనలేను. నాన్న పోయిన దగ్గర్నుంచీ నీకు తెలుసుగా.”

“నాకు తెలియకపోవడమేంటి. కాదనడం నాకొక్కదానికే ఆనవాయితీగా అట్టిపెట్టారుగా.”

“ఆ హోటల్ కొలను వస్తే మనకి ఊపిరాడుతుంది.”

“మీ ఊపిరి కోసం వాడి నోట్లో పిల్లలు పోవాలా?”

“పోరు. నేను చూశాగా. దింపేటప్పుడు కూడా నోరు బిగించే ఉన్నాడు.”

ఆమె ఆగింది. ఆ ఒక్క మాట కోసం ఇందాకట్నుంచి ప్రాణం కొట్టుకుంటోంది. ఆయన ముందు బయటపడకూడదని మళ్ళీ నడక అందుకుంది.

“ఎక్కవే. తొందరగా చేరతాం.”

ఈసారి ఎక్కింది. తొందరగా చేరాలి గనక ఎక్కింది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు, వెనక కమ్మీ పట్టుకుంది. ఆ సంగతి ఆయన అద్దంలో చూసుకున్నాడు.

*

హోటల్ గుమ్మంలో కొత్త యూనిఫాం వేసుకున్న కాపలామనిషి అడ్డుపడ్డాడు. ఆ బట్టలింకా బిరుసుగా ఉండి అతన్నే ఇబ్బంది పెడుతున్నాయి.

“పిలుపు కార్డుందామ్మా?”

“మావాళ్ళు లోపలున్నారు.”

“ఎవరండీ?”

“అల్లుడుగారు.”

అతను వెంటనే తలుపు తీసి పట్టుకున్నాడు. భర్త వెనకాలే తలొంచుకుని దూరాడు.

లోపల నేల అద్దంలా మెరుస్తోంది. హాలు మధ్యలో, మనిషి ఛాతీ ఎత్తు దిమ్మె మీద, పొడవాటి తొట్టి. పైనుంచి వరసగా దీపాలు. తొట్టి అడుగున నీలంరంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ కోట ఒకటి. ముందు బంగారు అక్షరాల పలక: ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేని చేప, మా హోటల్ ప్రత్యేకం. ఆ పలక రాసినవాడు మరిది తప్ప ఇంకొకడు కాదు. అన్నని స్కూటరు మీద వదిలేసి తను కారులో ముందే వచ్చినట్టున్నాడు, ఒక మూల ఎవరితోనో చేతులు కలుపుతున్నాడు.

తొట్టి చుట్టూ జనం. ఫోన్లు మెరుస్తున్నాయి. ఒక పెద్దమనిషి ఉంగరపు వేలితో అద్దం మీద టకటకమని కొడుతున్నాడు.

“ఇది కదలదేంటండీ? బతికే ఉందా?” అంటున్నాడు పక్కావిడతో.

వదిన అతని మణికట్టు పట్టుకుంది.

“మీ ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే తలుపు ఇలాగే కొడతారా?”

ఆయన నివ్వెరపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకడుగు జరిగారు. ఆమె అద్దానికి దగ్గరగా వంగింది.

అల్లుడుగారు వెనక మూలలో, నీళ్ళు పీల్చే గొట్టం పక్కన, మొహం గోడవైపు పెట్టుకుని ఉన్నాడు. ఒంటి రంగు సగానికి సగం పోయింది. రెక్కలు ముడుచుకున్నాడు. కానీ గొంతు కింద సంచి నిండుగానే ఉంది. దవడ ఒక్కసారి మెల్లగా కదిలింది. పిల్లల్ని నోట్లో అటూ ఇటూ సర్దుకునేటప్పుడు అలాగే కదుపుతాడు.

ఇంత వెలుతురులో, ఇంత గోలలో, ఇంతమంది చేతకానివాళ్ళ మధ్య, ఇంకా మోస్తున్నాడు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసినప్పుడు, ఆమెకి నీళ్ళు కనబడ్డాయి.

నీళ్ళు లేత టీ రంగులో ఉన్నాయి. వెలుతురు ఎక్కువై ఇందాక పట్టి చూడలేదు. బాదం ఆకు నానిన నీళ్ళు. ఈ జాతి చేప ఆ నీళ్ళలోనే కుదురుగా ఉంటుంది. అందుకే వాడింకా నిలబడగలిగాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇంత పెద్ద తొట్టికి ఆ రంగు ఒక్క రోజులో రాదు. నిన్న పార్సిల్లో చేప చచ్చిపోతే ఇవాళ పరిగెత్తుకొచ్చి కలిపితే వచ్చే రంగు కాదది. విడతలు విడతలుగా ఆకు వేసి, తీసి, మళ్ళీ వేసి, రెండు వారాలు ఓపిగ్గా నానబెడితే వచ్చిన రంగు. ఇంట్లో ఆకుల బస్తా ఈసారి ఎందుకంత తొందరగా ఖాళీ అయిందో అప్పుడు తెలిసింది.

ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగింది. భర్త ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“ఈ నీళ్ళు ఎప్పట్నుంచి నానుతున్నాయి? చేప నిన్న చచ్చిపోవడం అబద్ధమేనా? అసలు వేరే చేపంటూ లేదా?”

“వాడికి నీళ్ళు పడకపోతే కష్టమని...” అన్నాడు ఆయన.

“నేను దుప్పటి కప్పిన రోజు నుంచీ మీరిక్కడ ఆకులేస్తున్నారన్నమాట.”

“వాడికి ఇబ్బంది కాకూడదని.”

“రోజూ సాయంత్రం నా పక్కన నిలబడి ఎలా ఉన్నాడు, ఎలా ఉన్నాడు అని అడిగేవారు. నేను పొంగిపోయి చెప్పేదాన్ని. ఎవరి కోసమండీ అడిగారు? నా కోసమా, ఈ హోటల్ కోసమా?”

ఆయన స్తంభం మీది నగిషీని వేలితో తడిమాడు. కోపిష్టి మొగుళ్ళతో వేగడానికి లోకంలో ఎన్నో ఉపాయాలున్నాయి. ఇలాంటి మెత్తని మనుషులు చేసే అన్యాయానికే ఆడవాళ్ళకి ఎక్కడ చెప్పుకోవాలో తెలియదు.

వదిన భుజం మీది దుప్పటి విప్పి, ఒక్కసారైనా దులపకుండానే, తొట్టి మీద పరిచేసింది. దీపాలూ, కోటా, నీలంరాళ్ళూ అన్నీ మాయమయ్యాయి. హాల్లో మాటలు ఆగిపోయాయి.

“వదినా,” అని మరిది పళ్ళ మధ్య నుంచి పిలుస్తూ వచ్చాడు. “ఏంటీ పని? పరువు తీస్తున్నావు.”

“ఎవరి పరువు?”

“అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. ఇందాకట్నుంచి వాణ్ణి చూశారుగా. కాసేపు నిన్ను చూస్తారు.”

హోటలాయన వచ్చాడు. నెమ్మదస్తుడే. తెల్లబట్టలు, చేతిలో ముఖ్య అతిథికి ఇవ్వాల్సిన పూలగుత్తి. “ఏమ్మా, ఏంటి ఇబ్బంది?” అని మర్యాదగానే అడిగాడు. ఆమె కూడా మర్యాదగానే చెప్పింది. నోట్లో పిల్లలున్నాయని, బెదిరితే మింగేస్తాడని, తల్లిచేప పోయిందని, ఇవి తప్ప ఇంక లేవని. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“అయితే తీసుకెళ్ళిపోండమ్మా. ఉసురు నాకెందుకు?”

“ఇప్పుడు తియ్యకూడదండీ. పొద్దున ఒకసారి కదిపితే ఎలాగో తట్టుకున్నాడు. మళ్ళీ కదిపితే అయిపోతుంది. ఓ నాలుగైదు రోజులు దుప్పటి కప్పి ఇక్కడే ఉండనివ్వండి. నేను పక్కనే కూర్చుంటాను, ఎవరికీ అడ్డురాను. ఆ తర్వాత మీ తొట్టికి ఏ చేప కావాలంటే అది నేనే తెచ్చిపెడతాను.”

“ప్రారంభం రోజున హాలు మధ్యలో నల్లగుడ్డ కప్పి ఉంచమంటారా? మీరే చెప్పండి, బాగుంటుందా?” ఆయన పూలగుత్తిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. “అయినా ఈ చేప మాకే ఇచ్చేశామన్నారుగా మీవాళ్ళు. ఉండటానికే వచ్చిందనుకున్నాను.”

వదిన మరిది వైపు చూసింది. అతను ఫోను చూసుకున్నాడు.

“రేపు పొద్దున్నే తెచ్చేస్తానన్నావు.”

“అది మాటవరసకి...”

“మీకూ తెలుసా ఈ సంగతి?” అని భర్తని అడగబోయి ఊరుకుంది. అడిగితే ఆయన నిజం చెప్పేస్తాడేమోనని భయమేసింది.

“రెండే మార్గాలమ్మా,” అన్నాడు హోటలాయన. గొంతు ఇంకా మర్యాదగానే ఉంది. “గుడ్డ తియ్యండి, లేకపోతే చేపని తియ్యండి. అతిథిగారు మాట్లాడటం పూర్తయ్యేసరికి ఏదో ఒకటి జరగాలి.”

గుడ్డ తీస్తే వెలుతురు. చేపని తీస్తే చెంబు. ఎటు చూసినా మింగడమే. ఆమె దుప్పటి అంచుని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. రెండూ చెయ్యను, ఏం చేస్తారో చెయ్యండి అని చెబుదామని నోరు తెరిచింది.

అప్పుడే మైకు కీచుమంది.

హాలంతా చెవులు మూసుకునేంత కూత. ముఖ్య అతిథి మైకుని వేలితో తట్టి, నవ్వి, అందరికీ నమస్కారం అన్నాడు. వదిన దుప్పటి అంచు ఎత్తి తల లోపలికి పెట్టింది.

దుప్పటి కింద దీపాల వెలుగు పసుప్పచ్చగా ఉంది. అల్లుడుగారు ఇటు తిరిగి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది.

మింగలేదు. ఆ నోట్లోంచి ఒక చిన్న నలుసు బయటికొచ్చి, ఆగి, తోక ఆడించింది. దానికి రెండు కళ్ళున్నాయి. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక రెండు కలిసి. ఇంకో నాలుగైదు రోజులకి ఒంటరి గదిలో రావలసినవి, పెళ్ళివారిల్లు లాంటి హాల్లో, కోట గోడ పక్కన, ఈదుతూ వస్తున్నాయి. ఆమెకి తెలియకుండానే నవ్వొచ్చింది.

మొదటి పిల్ల కాస్త పైకి లేచి, పక్కకి జరిగి, ఒక్కసారిగా గొట్టంవైపు కొట్టుకుపోయి కనబడకుండా పోయింది.

ఇంట్లో వాడేది స్పాంజి ఫిల్టరు, పిల్లల్ని లాగదు. ఇక్కడిది పెద్ద మోటారు. గొట్టం పొడవునా చీలికలే. చెయ్యి అడ్డుపెడితే అరచెయ్యి ఎంతని ఆపుతుంది? పైగా చెయ్యి నీళ్ళలోకి వస్తే వాడు బెదిరి, నోట్లో ఇంకా ఉన్నవాటిని గుటకేస్తాడు. రెండో పిల్ల కూడా అటే జరుగుతోంది.

ఆమె తల బయటికి తీసింది.

“ఫిల్టరు ఆపండి. పిల్లలొస్తున్నాయి. ఆపండి.”

వైరు దిమ్మె వెనక నుంచి నేలమీద పాకి గోడ దాకా వెళ్ళింది. ఆమెకీ ఆ గోడకీ మధ్య కుర్చీల వరసలున్నాయి. గోడ దగ్గర, స్విచ్‌బోర్డు పక్కన, స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మనిషి ఒక్కడే.

“ఏవండీ, మీ పక్కనే.”

భర్త వంగాడు. వైరుని కంటితో పట్టుకుని బోర్డు దాకా వెళ్ళాడు. జాగ్రత్తగల మనిషి, సరైన స్విచ్ ఏదో వెంటనే పోల్చుకున్నాడు.

“దాన్ని ముట్టుకోకండి,” అని హోటలాయన గట్టిగా అన్నాడు. “మైకూ దీపాలూ అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆయన మాట్లాడుతున్నారు.”

అతిథి మాట్లాడుతూనే ఉన్నాడు. మరిది హాలు అవతలి కొస నుంచి అన్న వైపే చూస్తున్నాడు. వదిన ఒక చేత్తో దుప్పటి ఎత్తి పట్టుకుని, మొహం భర్త వైపు తిప్పి నిలబడింది. ఇంత జరిగాక కూడా, ఆయన ఇటే చూస్తాడని ఆమె అనుకుంది.

ఆయన వేలు స్విచ్ మీద పెట్టాడు. పెట్టి, తమ్ముడి మొహంలోకి చూశాడు.